ఎర్రగా, బుర్రగా, మంటగా...

మన తెలుగులో ఒక తమాషా ఉంది, గమనించారా? మనిషి తెల్లగా ఉంటే "తెల్లగా ఉన్నాడు" అనం, "ఎర్రగా ఉన్నాడు" అంటాం. ఎర్రగా బుర్రగా ఉన్నాడంటే అందగాడనే లెక్క. పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చినవాళ్ళు "పిల్ల ఎరుపే" అని చెప్తే ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోతాయి. మా పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవాళ్ళదీ ఇదే వరస. వాళ్ళు "సుర్ఖ్ సఫేద్" అంటారు, ఎరుపూ తెలుపూ కలిసిన రంగన్నమాట. భాషే ఇలా ఉన్నచోట ఎరుపే జబ్బయినవాడి పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. బుగ్గలు కాలిపోతుంటే "అబ్బ, ఏం రంగొచ్చావురా" అని మెచ్చుకుంటారు. ఇరవై ఏళ్ళుగా ఈ మెప్పులు మోస్తున్నాను నేను.

జబ్బు పేరు రోజేషియా. లాటిన్‌లో గులాబీ రంగు అని అర్థం. పేరు మాత్రం బాగానే పెట్టారు! ముఖం నడిమి భాగం, అంటే బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డం ఉన్నట్టుండి ఎర్రబడతాయి. మంట, వేడి, ఒక్కోసారి మొటిమల్లాంటి పొక్కులు. కొందరికి కళ్ళలో ఇసక పడ్డట్టు కూడా ఉంటుంది. మొదట్లో ఎరుపు వచ్చి పోతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ పోవడం మానేసి అక్కడే ఉండిపోతుంది. సన్నటి రక్తనాళాలు ఎర్ర దారాల్లా పైకి కనిపిస్తాయి. అంటుకునేది కాదు, పూర్తిగా పోయేదీ కాదు. వేరువేరు దేశాల్లో జరిగిన సర్వేలన్నీ కలిపి 2018లో లెక్కేస్తే పెద్దవాళ్ళలో 5.46 శాతం మందికి ఉందని తేలింది. ఆ లెక్కలో యూరప్‌వాళ్ళ బరువే ఎక్కువనుకోండి. మన దగ్గర ఎంతమందికో చెప్పాలంటే ముందు దాన్ని గుర్తుపట్టాలి కదా, అసలు తిరకాసు అక్కడే ఉంది.

మన భాషలో చెప్పాలంటే ఇది రీప్రొడ్యూస్ కాని బగ్. పొద్దున్న తొమ్మిదికి రివ్యూ మీటింగులో మొహం కుంపటిలా ఉంటుంది. సాయంత్రం ఏడింటికి డాక్టరు దగ్గర, ఏసీ గదిలో గంటసేపు నా టోకెన్ కోసం ఎదురుచూశాక, చల్లగా మామూలుగా ఉంటుంది. "ఏదీ, ఏం కనిపించట్లేదే?" అంటాడాయన. "వర్క్స్ ఆన్ మై మెషీన్" అని మనం టెస్టర్లకి చెప్పే మాటే, ఈసారి మనకి తిరిగొచ్చిందన్నమాట. :) ఇద్దరు ముగ్గురు డాక్టర్లు అలర్జీ మాత్రలు రాసిచ్చారు. ఒకాయన టెన్షన్ తగ్గించుకోమన్నాడు. రిలీజ్ వారంలో!

ఇంటి దగ్గర వైద్యులకి కొదవే లేదు. మేముండేది శాలిబండలో. (హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ ఇంకా అక్కడెందుకున్నావు, కూకట్‌పల్లి వచ్చెయ్యొచ్చుగా అని అడిగేవాళ్ళకి నా జవాబు ఎప్పుడూ ఒకటే: ఇల్లు అక్కడుంది కాబట్టి.) పక్కింటి చాచా నన్ను చూసినప్పుడల్లా "క్యా మియాఁ, ముఁ ఇత్తా లాల్ కైకు హోరా? గర్మీ హై గర్మీ" అనేవాడు. మా అమ్మ కూడా అదే చెప్పేది, కాకపోతే తెలుగులో: "ఒంట్ల వేడి జేసింది". సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, మజ్జిగ. మామిడిపండ్లు బంద్. నేనీ మాటల్ని కొట్టిపారెయ్యను. చల్లటి మజ్జిగ తాగితే నిజంగానే కాసేపు తగ్గుతుంది, చల్లగా ఉంటుంది కాబట్టి. ఇంకొకాయన జిందా తిలిస్మాత్ రెండు చుక్కలు రాయమన్నాడు. 1920 నుంచి మన ఊళ్ళో తయారవుతున్న మందు, జలుబుకి దాన్ని మించింది లేదు, మా ఇంట్లో ఇప్పటికీ సీసా ఉంటుంది. కానీ అందులో ఉండేవి నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్, థైమాల్. మామూలు చర్మానికి చురుక్కుమనేవి నాలాంటి చర్మానికి ఏం చేస్తాయో వేరే చెప్పాలా! దండం పెట్టి వద్దన్నాను.

నిజానికి ఇలాంటి చర్మానికి పాతబస్తీ అంత పరీక్ష పెట్టే ఊరు ఇంకోటి ఉండదేమో. మే నెలలో మధ్యాహ్నం గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడితే పైనుంచి ఎండ, పక్కనుంచి రాళ్ళ వేడి. లాడ్ బజార్‌కి వెళితే లక్క గాజులు చేసేవాళ్ళు బొగ్గుల కుంపటి ముందే కూర్చుని ఉంటారు. మా ఆవిడ బేరం ముగించేలోపు నేను వీధి అవతలికి వెళ్ళి నిలబడాలి. అత్తరు షాపుల ముందు ముక్కుకి పండగే, బుగ్గలకి మాత్రం కాదు. సువాసన కోసం కలిపేవేవీ ఈ చర్మానికి పడవు, సబ్బులో అయినా సరే. పెళ్ళిళ్ళలో పసుపు పూస్తారు. రంజాన్‌లో హలీం సెగలు కక్కుతూ వస్తుంది. దాన్ని చల్లారబెట్టుకుని తినే నాలాంటివాణ్ణి చూస్తే వడ్డించేవాడికే బాధేస్తుంది.

హలీం అంటే గుర్తొచ్చింది. టీ, కాఫీలు మానెయ్యమని చెప్పని డాక్టరు లేడు. ఈ సలహా ఎక్కడినుంచి వచ్చిందా అని వెతికితే 1981 నాటి ఒక ప్రయోగం దొరికింది. విల్కిన్ అనే అమెరికన్ డాక్టరు రోజేషియా ఉన్నవాళ్ళకి 60 డిగ్రీల వేడి కాఫీ ఇచ్చాడు, మొహాలు ఎర్రబడ్డాయి. అంతే వేడి ఉన్న ఉత్త నీళ్ళిచ్చాడు, అప్పుడూ ఎర్రబడ్డాయి. చల్లారిన కాఫీ ఇస్తే ఏమీ కాలేదు. అంటే తప్పు కెఫీన్‌ది కాదు, వేడిది! పైగా 2018లో అమెరికాలో 82 వేలకి పైగా నర్సుల వివరాలు చూస్తే, కెఫీన్ ఉన్న కాఫీ ఎక్కువ తాగేవాళ్ళలో ఈ జబ్బు తక్కువే కనిపించింది. ఇన్నాళ్ళూ ఇరానీ చాయ్‌ని అనవసరంగా ఆడిపోసుకున్నారు పాపం. పరిష్కారం మా పాతబస్తీ ముసలాయనలకి ఎప్పటినుంచో తెలుసు: సాసర్‌లో పోసుకుని తాగడం. నేనూ అలాగే తాగుతాను, ఆఫీసు కెఫెటేరియాలో కూడా. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

కారం సంగతి ఇంకా బాగుంటుంది. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్‌ని పట్టుకునే రిసెప్టర్ ఏదో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. దాని పేరు టీఆర్‌పీవీ1. విచిత్రమేమిటంటే 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించేదీ అదే. ఒకే ఇంటర్‌ఫేస్, రెండు ఇన్‌పుట్‌లు. మిర్చీ బజ్జీ కొరికినా, మంట దగ్గర నిలబడినా నరానికి వెళ్ళే కబురు ఒక్కటే. దీనికి 2021లో నోబెల్ వచ్చింది. మనం నిప్పుకీ మంట అంటాం, కారానికీ మంటే అంటాం, తెలుగువాడికి నోబెల్ ఎందుకివ్వలేదో మరి! రోజేషియా ఉన్నవాళ్ళలో ఈ తలుపులు ఇట్టే తెరుచుకుంటాయి, రక్తనాళాలు ఒక్కసారి వెడల్పవుతాయి, మొహం భగ్గుమంటుంది.

సరే, మొహం ఎర్రగా ఉంటే నష్టమేంటి అంటారా? మెచ్చుకోళ్ళకి రెండోవైపు ఒకటుంది. బుగ్గలు ఎర్రగా ఉన్నంతవరకు అందగాడు, ముక్కు కూడా ఎర్రబడిందా, తాగుబోతు. ఆఫీసులో సోమవారం పొద్దున్న "ఏంటి బాస్, రాత్రి గట్టిగా పడిందా?" అని భుజం చరిచేవాళ్ళు. నేను చుక్క ముట్టనని చెప్తే ఇంకా గట్టిగా నవ్వేవాళ్ళు. దాన్నంటే దులిపేసుకోవచ్చు. 2010లో నల్గొండ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అన్నీ కుదిరాయి, లగ్నాలు పెట్టుకునే మాట కూడా అయింది. తర్వాత పదిరోజులు చప్పుడు లేదు. మధ్యవర్తిని మా నాయన గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు: "పిల్లగాడు మంచిగనే ఉన్నడు గని, మొకం జూస్తే రోజూ తాగేటోని లెక్క కొడుతుండు అంటున్నరు అన్నా."

మా నాయన పత్తర్‌గట్టీలో ఒక బట్టల కొట్లో లెక్కలు రాసేవాడు. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. ఆ రోజు మాత్రం "మావోడు కల్లు గూడ ముట్టడు" అని వాకిట్లో నిలబడి అరిచాడు. మధ్యవర్తి వెళ్ళిపోయాక ఇంకో రెండు సార్లు అన్నాడు అదే మాట, వినేవాళ్ళెవరూ లేకపోయినా. నాకు సంబంధం పోయినందుకు ఏమీ అనిపించలేదు, ఆయన అలా అరవాల్సి వచ్చినందుకే ఇప్పటికీ మనసులో ఉండిపోయింది. మద్యం ఈ జబ్బుని రేపుతుంది, నిజమే. కానీ తాగడం వల్లే వస్తుందనేది ఉత్తమాట. బిల్ క్లింటన్‌కి ఉంది రోజేషియా. 2000 మార్చిలో హైటెక్ సిటీకి వచ్చినప్పుడు ఊరంతా ఆయన్ని చూడ్డానికి ఎగబడింది, ఎర్ర ముక్కు గురించి ఎవ్వరూ ఎంక్వైరీ చెయ్యలేదు. ఆయనకి పెళ్ళయిపోయింది కాబట్టి సరిపోయింది.

నా జబ్బుకి పేరు దొరికింది పాతబస్తీలో కాదు, డబ్లిన్‌లో. 2011లో ఆన్‌సైట్‌కి వెళ్ళినప్పుడు చలిగాలికి పెదాలు పగిలితే మందుల షాపుకి వెళ్ళాను. కౌంటర్ వెనక ఉన్న పెద్దావిడ నా పెదాల వంక చూడనే లేదు, "నీకు రోజేషియా ఉన్నట్టుందే, డాక్టరుకి చూపించుకున్నావా?" అంది. అక్కడ ఇది ఇంటింటి జబ్బు, దీనికి "కెల్టుల శాపం" అని పేరు కూడా ఉంది. పదిహేను సెకన్లు పట్టిందేమో ఆవిడకి. మందుల గురించి ఎక్కువ చెప్పను, మీ డాక్టరు చెప్తారు. మెట్రోనిడజోల్ జెల్, తక్కువ మోతాదులో డాక్సీసైక్లిన్, తర్వాత కొన్నాళ్ళకి ఐవర్‌మెక్టిన్ క్రీము. ఈ ఆఖరిది మన చర్మరంధ్రాల్లో కాపురముండే డెమోడెక్స్ అనే కంటికి కనపడని పురుగుల మీద పనిచేస్తుంది. (ఉంటాయి, మీకూ ఉంటాయి, భయపడకండి. నాలాంటివాళ్ళకి కాస్త ఎక్కువుంటాయి.) అన్నిటికన్నా ముఖ్యం ఎండ తగలకుండా జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్. మబ్బు పట్టినా సరే.

ఇదంతా నా గోల. అసలు చెప్పాలనుకున్నది మా అక్క గురించి.

అక్కది చామనఛాయ. ఇద్దరికీ అమ్మ చర్మమే వచ్చింది, రంగులే వేరు. నాకొచ్చిన మంటే అక్కకీ వచ్చింది, నాకంటే ముందే. కానీ చామనఛాయ మీద ఎరుపు తేలదు. ముదురు రంగులోకి తిరిగినట్టు ఉంటుంది, అంతే. పొక్కులు మాత్రం కనిపిస్తాయి. "మండుతుంది" అని అక్క అంటూనే ఉండేది, చూసినవాళ్ళందరికీ కనిపించింది మొటిమలు. చర్మం రంగుల్ని వర్గాలుగా విడగొట్టే ఫిట్జ్‌పాట్రిక్ స్కేల్ అని ఒకటుంది, 1975లో దాన్ని మొదలుపెట్టినప్పుడు తెల్లవాళ్ళ చర్మానికే పెట్టారు. గోధుమ రంగు, నలుపు తర్వాత చేర్చారు. డిఫాల్ట్ వాల్యూ ఏమిటో దీన్నిబట్టే అర్థమవుతుంది.

అక్క పెళ్ళి 2005లో అయింది, అత్తగారిల్లు అలియాబాద్. కొత్త కోడలికి మొహం నిండా పొక్కులేంటని అత్తగారు వీధి చివరి మెడికల్ షాపుకి పంపించింది. అతను ఒక ట్యూబు ఇచ్చాడు. వారంలో పొక్కులు మాయం, పైగా రంగు కూడా తేరింది. వాడకట్టులో ఆడవాళ్ళందరూ "ఏం పూస్తున్నవే" అని అడిగారట. ఆ ట్యూబు ఏడేళ్ళు నడిచింది. రెండ్రోజులు మానేస్తే చాలు, మొహం భగభగ మండేది. మళ్ళీ పూస్తే చల్లగా అయ్యేది. నేను డబ్లిన్ నుంచి వచ్చేసరికి అక్క బుగ్గల చర్మం ఉల్లిపొరలా పల్చబడిపోయింది, చెంపల మీద నూగు మొలిచింది.

ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో ఉన్నది బీటామెథసోన్. స్టెరాయిడ్. ఇది రక్తనాళాల్ని బిగించేస్తుంది, అందుకే చర్మం పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. ఎంత తెల్లబరిస్తే అంత బలమైన స్టెరాయిడ్ అని 1960ల నుంచి వాటిని కొలిచే పద్ధతే అది. మనవాళ్ళు ఆ కొలతనే అందం అనుకున్నారు. నెలల తరబడి వాడితే చర్మం పలచనవుతుంది, ఆపితే బిగిసిన నాళాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. దీనికి "స్టెరాయిడ్ రోజేషియా" అని 1974లో పేరు పెట్టినవాళ్ళలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ఒకడు. ఆ తర్వాతి ఏడే ఆయన మచ్చలు పోవడానికి ఒక ఫార్ములా ప్రచురించాడు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, దాంతోపాటు ఒక స్టెరాయిడ్! మన దేశంలో తెల్లబడటానికి తెగ పూసుకునే మూడు మందుల క్రీములన్నీ ఆ ఫార్ములా పిల్లలే. (ఈ క్లిగ్‌మన్ ఫిలడెల్ఫియాలో జైలు ఖైదీల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసిన మనిషి. ఆ కథ వేరే.)

అక్క ఒక్కతే కాదు. మన దేశంలో చర్మవ్యాధుల ఓపీలకి వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో ఒక అధ్యయనం వేశారు. అందులో 433 మంది, అంటే 14.8 శాతం, మొహానికి స్టెరాయిడ్ పూస్తున్నారు. సగానికి పైగా మందికి చెప్పినవాళ్ళు డాక్టర్లే కాదు: పక్కింటివాళ్ళు, మందుల షాపువాళ్ళు, చుట్టాలు. చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ దీనిమీద పోరాడటానికే ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టింది. చివరికి 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదంది. కాగితం మీద బాగుంది. మొన్న మావైపు ఒక షాపులో అడిగి చూశాను. చీటీ అడగలేదు, చిన్నదా పెద్దదా అని అడిగాడు.

2012లో అక్కని చూసిన డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది, ఆపితే ముందు ఎక్కువవుతుంది, ఓర్చుకోవాలి అని. ఎక్కువవడమంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది. మొహం వాచిపోయింది, పొక్కులు, పొట్టు. అక్క రెండు నెలలు గడప దాటలేదు. లాల్ దర్వాజా బోనాలకి కూడా రాలేదు, మా ఇంట్లో అది ఊహించలేని విషయం. అత్తగారు "కొత్త డాక్టరు ఉన్న మొకం ఖరాబు చేసింది" అంది. ఆవిడ వైపు నుంచి చూస్తే సబబే మరి, కళ్ళకి కనిపించింది అదే కదా. నేను ఆఫీసు అయ్యాక ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ దిగి తిన్నగా వాళ్ళింటికే వెళ్ళేవాణ్ణి. అక్క చీకట్లో తడిగుడ్డ మొహం మీద వేసుకుని పడుకుని ఉండేది. "ఒక్కసారి పూసుకుంటరా. శుక్రవారం పెండ్లి ఉంది. ఆ ఒక్కరోజుకే" అనేది. వద్దక్కా అనేవాణ్ణి. "నీదేం బోయింది, నీది సూస్తే అందరు ఎర్రగున్నవంటరు" అని ఒకసారి ఏడ్చింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మా బావ ఆ ట్యూబులన్నీ తీసుకెళ్ళి పారేశాడు. మాట్లాడే మనిషి కాదు, పని చేసే మనిషి. ఆరేడు నెలలకి చర్మం ఒక దారికొచ్చింది. స్టెరాయిడ్ తెచ్చిపెట్టినదంతా పోయాక అడుగున మిగిలింది చూసి డాక్టరమ్మ చెప్పింది, "మీ తమ్ముడికున్నదే" అని. అప్పటినుంచి నా సన్‌స్క్రీనే అక్కా వాడుతుంది. నాకు బాగానే ఉంటుంది గానీ అక్కకి మాత్రం బూడిద పూసినట్టు కనిపిస్తుంది. రంగు కలిపినవి ఇప్పుడు దొరుకుతున్నాయి, అందులో అక్క రంగుకి సరిపోయేది వెతకడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది.

ఇప్పుడు మా మేనకోడలికి 17 ఏళ్ళు. ఇంటర్ రెండో సంవత్సరం. అమ్మ రంగే. ఈ ఎండాకాలం ట్యూషన్ నుంచి వచ్చి బుగ్గలు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. దాని స్నేహితురాళ్ళు అద్దంలా మెరిసే చర్మం కోసం ఏవేవో యాసిడ్లు, సీరమ్‌లు పూస్తారట, ఇదీ ఒకటి పూసి రాత్రంతా నిద్రపోలేదు. నా దగ్గరికొచ్చి అడిగింది: "మామా, నాది ఎర్రగ కనబడతలేదు గదా. మరి నాకెట్లుంటది?"

చేతి వెనక భాగం దాని బుగ్గకి ఆనించి చూశాను. నుదురు చల్లగా ఉంది, బుగ్గ కాలుతోంది. మీ ఇంట్లో చామనఛాయ పిల్లలెవరైనా మొహం మంట అంటే "ఎర్రగా లేదే" అనకండి, ముట్టుకుని చూడండి.

పోయిన నెల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన డెర్మోస్కోప్ అని ఒక చిన్న భూతద్దం బుగ్గకి ఆనించి తెర మీద చూపించాడు. పైకి ఏమీ కనిపించని ఆ చామనఛాయ కింద ఎర్రటి నాళాలు వల అల్లినట్టు ఉన్నాయి. పిల్ల తెర వంక చూసి, వాళ్ళమ్మ వైపు తిరిగి "చూసినవా మమ్మీ, నేను అబద్ధం చెప్పలే" అంది. అక్క ఏమీ అనలేదు. తెరకి దగ్గరగా జరిగి చాలాసేపు చూసింది.

జెల్ రాసిచ్చాడు, రెండు నెలలకి మళ్ళీ రమ్మన్నాడు. ఇంటర్ పరీక్షలు సరిగ్గా ఎండలు మొదలయ్యే వేళకే వస్తాయి. సెంటర్ ఎక్కడ పడుతుందో, అక్కడ ఫ్యాన్ తిరుగుతుందో లేదో. తడి రుమాలు లోపలికి తీసుకెళ్ళనిస్తారా అని అక్క ఇప్పట్నుంచే అడుగుతోంది. కాలేజీలో కనుక్కోవాలి.